పెంజారింగన్ గురించి బందరు నుంచి ఒక ఉత్తరం

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో జకార్తా నగరం మీద వచ్చిన వ్యాసం చదివాను. మొదటి పేజీలో సగం మేర వేసిన ఫొటో చూడగానే చేతిలోని కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. గోడలకు నాచు పట్టి, సముద్రపు నీళ్లలో నిలబడి ఉన్న ఆ మసీదు నాకు తెలుసు. దాని పేరు వల్ అధునా. అది ఉన్న పేట పేరు మువారా బారు. ఆ పేట ఏ విభాగం కిందికి వస్తుందో దాని పేరు పెంజారింగన్. మీ వ్యాసంలో ఈ మూడు పేర్లలో ఒక్కటీ కనబడలేదు. ఫొటో కింద ‘పెరుగుతున్న సముద్రం మింగేసిన మసీదు’ అని రాశారు. లోపల ‘రాజధాని తరలిపోతోంది, జనం నగరాన్ని ఖాళీ చేస్తున్నారు’ అని రాశారు. ఈ రెండు మాటలూ సరిదిద్దమని అడగడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, మన్నించాలి. 2009 నుంచి 2021 దాకా, పన్నెండేళ్లు, ఆ పెంజారింగన్‌లోనే కాపురం ఉన్నాను. నా పిల్లలిద్దరూ అక్కడే నడక నేర్చారు.

ముందు ఆ చోటేమిటో చెప్పనివ్వండి. జకార్తా పేరుకు నగరమైనా హోదాలో ఒక రాష్ట్రం లాంటిది, గవర్నరు ఉంటారు. దాని లోపల ఐదు ‘పరిపాలనా నగరాలు’, సముద్రంలోని దీవులకు విడిగా ఒక జిల్లా ఉన్నాయి. ఆ ఐదు నగరాలకూ మేయర్లున్నారు గానీ వాళ్లను జనం ఎన్నుకోరు, గవర్నరే నియమిస్తారు. మన మునిసిపాలిటీల్లా జనం ఎన్నుకున్న కౌన్సిలు ఉండదు. వాటన్నిటి కిందా కలిపి 44 కెచామతన్‌లు. మన మండలం అనుకుంటే సరిపోతుంది, అధికారిని చామత్ అంటారు, ఎంపీపీ లాంటివారు ఎవరూ ఉండరు. ఉత్తర జకార్తాలో పడమటి కొసన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న కెచామతన్ పెంజారింగన్. మూడు లక్షల పైచిలుకు జనం. ‘జారింగ్’ అంటే వాళ్ల భాషలో వల. అంటే అది వలల పేట. ఆ ఒక్క చామత్ పరిధిలోనే పడమట కాపుక్ మువారా, కామల్ మువారాల్లో మిగిలిన కాస్త మడ అడవి, దాని పక్కనే కోట్లు పలికే కొత్త మేడలు ఉన్నాయి. నడుమ ప్లుయిట్, పెజాగాలన్. తూర్పున చేపల రేవులు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒత్తిగిలి నిలబడవలసిన సందులు.

మావారు శీతల గిడ్డంగుల యంత్రాలు చూసే ఇంజనీరు. మువారా బారు చేపల రేవులో ఉద్యోగం. మేము ప్లుయిట్‌లో ఒక సందులో రెండంతస్తుల చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. సామాను దించిన రోజే సందు మొదట్లో ఒక రేకు బోర్డు చూశాను: ‘కొత్తగా వచ్చినవారు 24 గంటల్లోగా తెలియజేయాలి.’ ఎవరికి తెలియజేయాలి? పోలీసులకేమో అని భయపడ్డాను. అది పాక్ ఎర్తేకు. ‘పాక్’ అంటే అయ్యగారు, ‘ఎర్తే’ అంటే ఇరుగుపొరుగు సంఘం. కొన్ని పదుల ఇళ్లకు ఒక ఎర్తే, కొన్ని ఎర్తేలు కలిస్తే ఒక ఎర్వే, వాటి పైన లురా అనే అధికారి నడిపే కెలురాహన్, ఆ పైన చామత్. ఎర్తే, ఎర్వే పెద్దలను మాత్రం ఆ ఇళ్లవాళ్లే ఎంచుకుంటారు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించినప్పుడు జనం మీద నిఘాకని తమ దేశపు పద్ధతిని తెచ్చి పెట్టిందట. సైన్యం వెళ్లిపోయింది, పద్ధతి మిగిలింది. నిఘా కోసం పుట్టినదాన్ని ఆ జనం ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండడానికి వాడుకుంటున్నారు.

మా పాక్ ఎర్తే లారీ నడిపి మానేసిన పెద్దాయన. నీలం అట్ట ఉన్న పొడుగాటి పుస్తకం ఒకటి తెచ్చి మా పేర్లు రాసుకున్నారు. ఏ ఊరు అని అడిగారు. ఇండియా అన్నాను. ఇండియాలో ఏ ఊరు అన్నారు. బందరు అన్నాను. ఆయన నవ్వి, “మాదీ బందరే” అన్నారు. ఇండోనేషియా భాషలో బందర్ అంటే రేవు. అక్కడికి కాస్త దూరంలో, పాత రేవు ఒడ్డున 1839లో కట్టిన షాబందర్ బురుజు ఉంది, అంటే రేవు అధికారి బురుజు. అదిప్పుడు ఒక పక్కకు ఒరిగి ఉంది. నేల గట్టిదనం ఎంతో ఆ బురుజును చూస్తేనే తెలుస్తుంది.

మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆవిడ ఇల్లు మువారా బారులో. వయసులో నాకంటే పెద్ద కనుక ఆమెను ‘ఇబు’ అని పిలిచేదాన్ని, అంటే అమ్మ అని. ఒకసారి వాళ్ల మనవరాలి బారసాల లాంటి వేడుకకు పిలిచింది. వీధిలోంచి ఇంట్లోకి మనం మెట్లెక్కుతాం కదా, అక్కడ రెండు మెట్లు దిగాను. లోపల చెయ్యెత్తితే దూలం తగిలింది. కిటికీ మోకాలి కింద ఉంది. ఏమిటిలా కట్టారు అని అడిగితే, అలా కట్టలేదు, మూడుసార్లు నేల ఎత్తు చేశాం, కప్పు ఎత్తడానికి డబ్బు చాలలేదు అంది. తరవాత నన్ను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. ద్వారబంధం మీద కొడుకు ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలున్నాయి. మన ఇళ్లలోనూ గీస్తాం. పన్నెండేళ్లప్పటి గీత నా నడుము దగ్గర ఉంది. తొమ్మిదేళ్లది మోకాలు దగ్గర ఉంది. “ఏడేళ్లది ఇక్కడుంది” అని కాలి బొటనవేలితో సిమెంటు నేలను తట్టింది. ఆ గీత నేలలోకి వెళ్లిపోయింది. కొడుక్కి అప్పటికి ఇరవై రెండేళ్లు.

సంపాదకులు గారూ, ఆ ద్వారబంధం మీ వ్యాసానికి జవాబు. సముద్రమట్టం ప్రపంచమంతటా సగటున ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతోంది. అది నిజం, ప్రమాదమే. కానీ మువారా బారులో 1974 నుంచి 2010 లోపల నేల దాదాపు నాలుగు మీటర్లు దిగిపోయింది. రెండు మనిషి నిలువులకంటే ఎక్కువ. సముద్రం ఎంత పెరిగినా ఆ వేగంతో పెరగదు. కింద నేల దిగింది కాబట్టి సముద్రం పైకి వచ్చినట్టు కనబడింది. ఆ మసీదును సముద్రం మింగలేదు, మసీదే సముద్రంలోకి దిగిపోయింది.

ఎందుకు దిగింది? పన్నెండేళ్లలో నేను విన్నదీ చదివిందీ సులువుగా చెబుతాను. ఉత్తర జకార్తా నేల పదమూడు నదులు కొట్టుకొచ్చిన లేత ఒండ్రు. కింద పొరలు పొరలుగా బంకమన్ను, ఇసుక. వాటి సందుల్లో నీళ్లు. ఆ నీళ్లే పైబరువును మోస్తున్నాయి. లోతు బోర్లు వేసి ఆ నీటిని తోడేస్తే బంకమన్ను పొరలు అణిగిపోతాయి. పాత దూది పరుపు అణిగినట్టే. పైన మేడల బరువు ఉంటే ఇంకా తొందరగా అణుగుతుంది. దూది పరుపునైతే విప్పి ఏకించుకుని మళ్లీ కుట్టించుకోవచ్చు. ఆ మన్నును తిరిగి ఏకే ఉపాయం లేదు. దిగినది దిగినట్టే. అణగకుండా ఆపడం మాత్రం చేతిలో పని. టోక్యోలో తూర్పు పేటలు కూడా ఇలాగే నాలుగు మీటర్లకు పైగా దిగాయి. 1960లు, 70లలో అక్కడి ప్రభుత్వం బోర్ల మీద గట్టి ఆంక్షలు పెట్టి, ఫ్యాక్టరీలకు వేరే నీళ్లిచ్చింది. నేల దిగడం ఆగింది.

ఇందుకే ఆ ఫొటో కింది మాట నన్ను అంత బాధపెట్టింది. సముద్రం మింగింది అంటే పాఠకుడు అయ్యో అని పేజీ తిప్పేస్తాడు. సముద్రంతో ఎవరు పోరాడగలరు? నేల దిగింది, ఎందుకంటే నీళ్లు తోడారు అంటే, ఎవరు తోడారు, ఎందుకు తోడనిచ్చారు అని అడుగుతాడు.

ఎవరు తోడారు? మా ఇబు తోడలేదు. ఆ పేటలో పైపొర నీళ్లు ఉప్పన, నోట్లో పెట్టుకోలేం. తియ్యటి నీళ్లు అందాలంటే వంద మీటర్లు దాటి వెళ్లాలి. అంత లోతు బోరు వేయించగలిగింది హోటళ్లు, ఫ్యాక్టరీలు, వాణిజ్య భవనాలు, పెద్ద నివాస సముదాయాలు. కొళాయి నీళ్లు రాని చోట, వచ్చినా నమ్మకం లేని చోట, డబ్బున్నవాళ్లు నేలలోకి గొట్టం దించారు. డబ్బు లేనివాళ్లు బండి నీళ్లు కొన్నారు. పొద్దున ఐదింటికే మా సందు చివర ఆ తోపుడుబండి చక్రాల చప్పుడు వినబడేది. రెండు వరసల్లో ప్లాస్టిక్ క్యాన్లు, లాగే మనిషి భుజానికి గుడ్డ మడత. ఇబు రోజుకు నాలుగు క్యాన్లు కొనేది. రెండు వంటకూ తాగడానికీ, రెండు స్నానాలకు. లెక్క వేస్తే, మేడలో కొళాయి విప్పుకునేవాళ్లు కట్టే ధరకు ఎన్నో రెట్లు ఆమె కట్టేది. నేలను దింపనివాళ్లే ఆ దిగిన నేల మీద బతుకుతున్నారు, నీళ్లకు ఎక్కువ కట్టేదీ వాళ్లే. ఈ వాక్యం మీ వ్యాసంలో ఉండవలసింది.

1998 నుంచి పాతికేళ్లు జకార్తా నీటి సరఫరా ప్రైవేటు ఒప్పందాల కింద నడిచింది. 2023 జనవరి 31తో ఆ గడువు ముగిసి నగర సంస్థ చేతికి తిరిగి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి కొన్ని ప్రాంతాల్లో పెద్ద భవనాలు భూగర్భ జలం తోడకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది. అప్పటికి మేము తిరిగి వచ్చేశాం. ఇప్పటికీ మా సందు వాట్సాప్ బృందంలో ఉన్నాను కనుక తెలిసింది. కొత్త గొట్టాల కోసం రోడ్డు తవ్వుతున్న ఫొటోలు పెట్టారు. అంత బురద ఫొటో చూసి నేనెప్పుడూ అంత సంతోషపడలేదు.

ఇక నీళ్లు ముంచిన సంగతి. మాది బందరు కదా, 1864 ఉప్పెన కథలు, 1977 దివిసీమ కథలు వింటూ పెరిగాం. సముద్రం ఊరి మీదికి రావాలంటే గాలి వీయాలి, ఆకాశం నల్లబడాలి, ఒక రాత్రి రావాలి అనుకునేదాన్ని. అక్కడ సముద్రం పట్టపగలు, నీలాకాశం కింద, గాలి లేకుండా వస్తుంది. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువైనప్పుడు కాలవల్లోంచి, గోడ పగుళ్లలోంచి నిశ్శబ్దంగా ఊరుతుంది. దాన్ని ‘రోబ్’ అంటారు. బందరులో పోటూ పాటూ రోజుకు రెండుసార్లు. జకార్తాలో ఒక్కసారే. మువారా ఆంకే అనే చేపల పేటలో చేపలు ఎండబెట్టే ఆడవాళ్లకు ఆ వేళలు నోటికి వచ్చు. చీలమండల దాకా నీళ్లలో నిలబడి, నడుమెత్తు మంచెల మీద ఉప్పుచేపలు తిరగేస్తూ కబుర్లు చెప్పుకుంటారు. మొదటిసారి చూసి నేను కంగారు పడితే, మూడు గంటలకు దిగిపోతుందిలే అన్నారు. దిగిపోయింది.

2013 జనవరి మాత్రం వేరు. నాలుగు రోజులుగా వాన. 17వ తేదీన నగరం నడిబొడ్డున లతుహర్హరి దగ్గర వరద కాలువ గట్టు తెగింది. పల్లం ఎటు ఉంటే నీరు అటు. పెంజారింగన్ సముద్రంకంటే పల్లం కనుక మా వైపు వచ్చిన వాననీరు తనంతట తాను సముద్రంలోకి పోలేదు. ప్లుయిట్‌లో దాదాపు 200 ఎకరాల చెరువు ఉంది. చుట్టుపక్కల నీరంతా అందులోకి చేరితే పంపులు రాత్రింబగళ్లు దాన్ని సముద్రంలోకి ఎత్తిపోయాలి. ఆ రోజు పంపులే మునిగాయి. కరెంటు పోయింది. మా సందులో ఛాతీ లోతు నీళ్లు. పిల్లలిద్దరితో నేను పైఅంతస్తులో, మావారు రేవులో. ఫోనులో ఛార్జింగు అయిపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే పాక్ ఎర్తే వస్తున్నారు. అరవై దాటిన మనిషి, ఛాతీ లోతు నీళ్లలో, ఒక చేత్తో గోడలు పట్టుకుంటూ నెమ్మదిగా నడుస్తున్నారు. తలమీద ప్లాస్టిక్ సంచి, దాన్ని గడ్డం కిందుగా తువ్వాలుతో కట్టుకున్నారు. సంచిలో ఆ నీలం అట్ట పుస్తకం. ప్రతి ఇంటి కింద ఆగి, పుస్తకం తీసి, పేర్లు పిలుస్తున్నారు. మా ఇంటి కింద ఆగి మా నలుగురి పేర్లూ పిలిచారు, నాలుక తిరగని మా ఇంటిపేరుతో సహా. మావారు లేరని చెప్పాను. పక్కన ఏదో రాసుకున్నారు. చిన్నదానికి జ్వరం అని చెప్పాను. అదీ రాసుకున్నారు. సాయంత్రానికి రబ్బరు పడవలో ఇద్దరు కుర్రాళ్లు వచ్చి తాడుకు కట్టిన బుట్టలో జ్వరం మందు, మంచినీళ్లు, ఆకులో కట్టిన అన్నం, కోడిగుడ్డు అట్టు పంపారు. ఎర్వే ఆడవాళ్లు మసీదు పైఅంతస్తులో పొయ్యిలు పెట్టారట. ఎదురింటి ముసలాయనకు చక్కెర జబ్బు, ఆయన ఇంజెక్షన్లు కూడా అదే పడవలో వచ్చాయి. నీళ్లు వారం దాకా తీయలేదు. ఆ వారమంతా రోజూ పుస్తకం వచ్చింది. ఆ పుస్తకం లేకపోతే మూడు లక్షల మందిలో ఎవరింట్లో జ్వరం ఉందో ఏ చామత్‌కు తెలుస్తుంది?

ఆ ఇరుగుపొరుగు సంఘంలో నేనూ పని చేశాను. ప్రతి శుక్రవారం ఆడవాళ్లు టార్చిలైట్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి స్నానాల తొట్టిలో, పూలకుండీ కింద పళ్లెంలో దోమపిల్లలున్నాయేమో చూస్తారు. మొదటిసారి మా స్నానాల గదిలోకి టార్చి వేసినప్పుడు నాకు కోపం వచ్చింది. వరద తరవాత నేనే టార్చి కొనుక్కుని వాళ్లతో బయలుదేరాను. నెలకోసారి చీటీ పాట లాంటిది, ‘అరిసాన్’ అంటారు. వచ్చిన డబ్బుతో ఎవరో ఒకరు నేల ఎత్తు చేయించుకునేవారు. ఇవన్నీ చిన్న విషయాలని తెలుసు. ఆ నేల మీద ఇన్నేళ్లు మనుషులు నిలబడింది వీటివల్లే.

వరద తరవాత ఆ చెరువు పూడిక తీశారు. గట్ల మీద గుడిసెలు వేసుకున్న వేల కుటుంబాలను కదిలించారు. కొందరికి దగ్గరలోనే మువారా బారు అపార్టుమెంట్లలో చోటు దొరికింది, కొందరిని తూర్పున ఎంతో దూరంలో ఉన్న మరుండాకు పంపారు. చెరువు బాగుపడింది, ఆ తరవాత మా సందుకు అంత నీరు మళ్లీ రాలేదు. కానీ చేపల రేవులో తెల్లవారుజామున మూడింటికి రొయ్యలు ఒలిచే పనికి మరుండా నుంచి ఎలా వస్తారు? మా రేవులో పనిచేసిన చాలామంది ఆడవాళ్లు ఆ పని మానుకోవలసి వచ్చింది. నా ఇల్లు తడవకుండా ఉన్నదాని ఖరీదులో కొంత వాళ్లు చెల్లించారు. ఆ సంగతి నేను మరవలేదు.

‘జనం ఖాళీ చేస్తున్నారు’ అన్న మాటకు వస్తాను. 2019 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు రాజధానిని బోర్నియో దీవికి మారుస్తామని ప్రకటించిన మాట నిజం. మారేవి మంత్రిత్వ శాఖలు, ఉద్యోగులు. పెంజారింగన్ ఎక్కడికీ పోదు. పొమ్మన్నా పోని జనం వాళ్లు. పాత రేవు పక్కన అకువారియం అనే చిన్న పేట ఉంది. డచ్చివారి కాలంలో అక్కడ సముద్ర జీవుల పరిశోధనశాల ఉండేదట, ఆ పేరు అలా వచ్చింది. 2016 ఏప్రిల్ 11న ఆ పేటను యంత్రాలతో నేలమట్టం చేశారు. వారం తరవాత లువార్ బాతాంగ్ దర్గాకు వెళ్తూ ఆ దారిన నడిచాను. ఇటుక ముక్కల గుట్టల మీద టార్పాలిన్లు కట్టుకుని, అవే కుటుంబాలు, అక్కడే వంట చేసుకుంటున్నాయి. ఒకావిడ శిథిలాల్లోంచి తన ఇంటి గచ్చు పలకలు ఏరి నీటితో కడిగి పేర్చుకుంటోంది. అపార్టుమెంట్లకు పొమ్మంటే అందరూ పోలేదు. సంఘం పెట్టుకుని, కోర్టుకు వెళ్లి, వాస్తుశిల్పులను కలుపుకుని, తమ ఇళ్లు ఎలా ఉండాలో తామే గీయించుకున్నారు. 2021 ఆగస్టు 17న, వాళ్ల స్వాతంత్ర్య దినోత్సవం నాడు, అదే నేల మీద కొత్త భవనాలు ప్రారంభమయ్యాయి. మొత్తం పథకం ఐదు భవనాలు, 241 ఇళ్లు; ఆ రోజు తెరిచింది వాటిలో మొదటివి. మేము తిరిగి వచ్చేసిన ఏడాదే అది. వీళ్లనేనా మీరు ఖాళీ చేస్తున్నారని రాసింది?

ఆ పేట ఎదురుగానే మందపాటి గోడల పాత గిడ్డంగులున్నాయి. 1652 నుంచి డచ్చి కంపెనీ కట్టుకుంటూ వచ్చినవి. 1977 నుంచి సముద్ర మ్యూజియంగా ఉన్నాయి. 2018 జనవరిలో అందులో కొంత భాగం కాలిపోయింది. మొదటిసారి లోపలికి వెళ్లి, మిరియాలు, జాజికాయ, కాఫీతోపాటు బట్టల మూటలు కూడా ఇక్కడే దాచేవారని తెలుసుకుని ఆ దూలాల కింద చాలాసేపు నిలబడ్డాను. మసాలా దినుసుల దీవులవాళ్లు వెండికంటే మన కోరమండల్ తీరపు అద్దకం బట్టలనే ఇష్టపడి మార్చుకునేవారు. ఆ బట్టలు ఓడెక్కిన రేవుల్లో మాది ఒకటి. చిన్నప్పుడు బందరుకోటలో డచ్చివారి సమాధుల మధ్య ఆడుకున్నదాన్ని నేను. ఆ సమాధులవాళ్లు పంపిన మూటలు దిగిన చోటు అది. పెంజారింగన్ మనకు ఊరూ పేరూ తెలియని పరాయి చోటు కాదని చెప్పడానికే ఇది రాశాను.

మువారా బారులో ఇప్పుడు సముద్రానికి అడ్డంగా సిమెంటు గోడ ఉంది. 2007 నవంబరులో పోటు నీరు గోడ దాటి పేటను ముంచాక ఎత్తు పెంచుతూ వస్తున్నారు. గోడకు ఆనించిన చెక్క నిచ్చెన ఎక్కితే పైన కుర్రాళ్లు గాలాలు వేసుకుని కూర్చుంటారు. అటు చూస్తే సముద్రం గోడలో సగానికి ఉంటుంది. ఇటు చూస్తే ఇళ్ల పైకప్పులు అదే మట్టంలో ఉంటాయి. మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. రెండు వైపులా చూసి, “అమ్మా, గోడ కూడా దిగుతుందా?” అని అడిగాడు. దిగుతుంది. గోడ నిలబడిందీ ఆ నేల మీదే కదా. నేల దిగినకొద్దీ మళ్లీ ఎత్తాలి. అందుకే గోడలెన్ని కట్టినా బోర్లు ఆగి, కొళాయిలు రాకపోతే లాభం లేదని అక్కడి మనుషులే అంటారు.

నేను కోరేది ఒకటే. మీ దగ్గర మంచి విలేకరులున్నారు. జకార్తా గురించి మళ్లీ రాసేటప్పుడు దయచేసి ఆకాశం నుంచి తీసిన ఫొటోతో మొదలుపెట్టకండి. ఒక కెచామతన్ తీసుకోండి, అందులో ఒక సందు తీసుకోండి. అక్కడ నీళ్లు ఎవరికి ఎంత ధరకు వస్తున్నాయో అడగండి. ఆ మసీదు ఫొటోను మళ్లీ వాడితే, దాని కింద ఇలా వేయండి:

‘మువారా బారు, పెంజారింగన్, ఉత్తర జకార్తా. భూగర్భ జలం తోడడంతో నేల దిగిపోయి, సముద్రపు గోడకు అవతల ఉండిపోయిన వల్ అధునా మసీదు. గోడకు ఇవతల జనం నివసిస్తున్నారు.’

ఇట్లు,
మీ పాఠకురాలు,
మచిలీపట్నం